మోగని గట్టిమేళం

పెళ్ళిలో జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి పంతులుగారు చెయ్యి పైకెత్తి వేలు తిప్పుతారు. గట్టిమేళం అని దాని అర్థం. అప్పటిదాకా ఏ రాగం ఊదుతున్నా దాన్ని ఎక్కడికక్కడ వదిలేసి సన్నాయి, డోలు, తాళం మూడూ ఒక్కసారిగా మోగాలి. ఆ క్షణంలో ఎవరో తుమ్మవచ్చు, ఎవరో ఏడవవచ్చు, వెనక వంటవాడు ఎవరినో బూతులు తిట్టవచ్చు. అవేవీ పెళ్ళికూతురి చెవినీ పెళ్ళికొడుకు చెవినీ పడకుండా మా చప్పుడు మింగేయాలి. నిజం చెప్పాలంటే పెళ్ళిలో మేళంవాడికి ఉన్న అసలు పని అదొక్కటే. మిగతా మూడు గంటలూ ఎంత బాగా ఊదినా వినే నాథుడు ఉండడు, అందరూ ఫోటోల హడావిడిలో ఉంటారు.

పోయిన మాఘమాసంలో మార్టూరు దగ్గర ఒక కల్యాణమండపంలో పంతులుగారు చెయ్యెత్తారు. నేను ఊదలేదు.

మర్చిపోయానని ఆ రోజు అందరికీ చెప్పాను. నలభై ఆరేళ్ళవాడిని, పద్దెనిమిదేళ్ళ వయసు నుంచీ పెళ్ళిళ్ళలో కూర్చుంటున్నవాడిని, గట్టిమేళం మర్చిపోవడమంటే వంటవాడు పొయ్యి వెలిగించడం మర్చిపోయానన్నట్టే. అయినా జనం నమ్మారు, లేదా నమ్మినట్టు ఊరుకున్నారు. అసలు జరిగింది ఏమిటో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మేము సాయిబులం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఒంగోలుకీ అద్దంకికీ మధ్య మా ఊరు. తాత, నాన్న ఇద్దరూ సన్నాయి వాయించినవాళ్ళే. నాన్న పొద్దున్నే నమాజు చేసుకుని, సన్నాయి సంచీ చంకన పెట్టుకుని గుడికి పోయేవాడు. మా ఇంట్లో పెళ్ళిళ్ళ లెక్క కూడా పంతుళ్ళ పంచాంగం ప్రకారమే నడిచేది. మూఢం వచ్చిందంటే మాకు పనిలేదు, మళ్ళీ ముహూర్తాలు మొదలయ్యేదాకా అమ్మ పొదుపుగా వండేది.

ఏడో ఏట నాన్న నాకు నేర్పడం మొదలుపెట్టాడు. పొలం గట్టు మీద నిలబెట్టి, నా పొట్ట మీద అరచెయ్యి ఆనించి, "ఊపిరి ఇక్కణ్ణుంచి రావాల్రా, బుగ్గల్లోంచి కాదు" అనేవాడు. నాకు తొందరగానే వచ్చింది. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. రాకపోయి ఉంటే నాకూ ఆయనకూ ఎంత బాగుండేదో అని చెబుతున్నాను. చేతకానివాడిని ఎవరైనా వదిలేస్తారు. నాకు చేతనయింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నన్ను చూసి ఫలానా ఆయన కొడుకు, తండ్రిని మించుతాడు అనేవారు. నాన్న పక్కకు తిరిగి మీసం సవరించుకునేవాడు. ఆ మీసం కోసం నేను ఇంకో గంట ఊదేవాణ్ణి.

ఇరవై రెండో ఏట ఒక పొడుగాటి మూఢం వచ్చింది. మూడు నెలలు ముహూర్తాలు లేవు. చిలకలూరిపేటలో హైవే పక్కన ఒక నూలు మిల్లులో మనుషుల్ని తీసుకుంటున్నారంటే చేరాను. మూఢం పోగానే వచ్చేస్తానని నాన్నతో చెప్పాను. మూఢం పోయింది. నేను మిల్లులోనే ఉన్నాను. ముహూర్తాలకు మాత్రం సెలవు పెట్టి పెళ్ళిళ్ళకు పోయేవాణ్ణి. అలా ఇరవై నాలుగేళ్ళు గడిచాయి.

ఆ ఇరవై నాలుగేళ్ళూ నేను ఒక కథ చెప్పుకుంటూ తిరిగాను. కడుపు కోసం ఈ దూదిలో పడ్డాం గానీ మనది ఇది కాదు, మనది సంగీతం, పిల్ల చదువు ఒక దారికి రాగానే మిల్లు మానేసి సన్నాయి పట్టుకుంటాను అని. మిల్లులో తోటివాళ్ళకి చెప్పాను. బస్సులో పక్క సీటువాడికి చెప్పాను. పెళ్ళిచూపుల్లోనే, ఇల్లు నిలదొక్కుకోగానే మిల్లు మానేస్తానని నా భార్యకు చెప్పాను. పండక్కి ఊరు వెళ్ళినప్పుడల్లా నాన్నకు చెప్పాను. విన్నవాళ్ళంతా "అయ్యో, అంత విద్య పెట్టుకుని" అనేవారు. ఆ అయ్యో నాకు అన్నంకన్నా రుచిగా ఉండేది. ఒకసారి నా భార్య విసుగెత్తి, "ఆ సన్నాయి నొక్కులు ఇంకెన్నాళ్ళండీ. అంత ఇష్టమైతే రేపే పోయి ఊదండి, నేనొద్దన్నానా" అంది. నేను ఆ రోజు అన్నం తినలేదు. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఉత్త అబద్ధం అంటే నవ్వేసి ఉండేవాణ్ణి. నిజం తగిలింది కాబట్టే అంత మండింది.

నిరుడు నూలుకు గిరాకీ లేదని మిల్లు ఆపేశారు. ముందు ఒక షిఫ్టు తీసేశారు, తర్వాత గేటుకు తాళం వేశారు. ఆ రోజు గేటు దగ్గర మగవాళ్ళు కూడా ఏడ్చారు. నేను ఏడవలేదు. దేవుడే దారి చూపించాడు అని పదిమందిలో పెద్దగా అన్నాను. ఒక పెద్దాయన నా భుజం తట్టి, "నీకేంలే అబ్బాయ్, విద్యుంది" అన్నాడు. గంగిరెద్దులా తల ఊపాను.

దారి నిజంగానే వచ్చింది. గుంటూరు వైపు ఒక గుడిలో సన్నాయి వాయించే పెద్దాయన పనిమానేశారు. వాళ్ళకు మా నాన్న పేరు తెలుసు. ఆయన కొడుకు వస్తే పొద్దునా సాయంత్రం సేవకు పెట్టుకుంటాం, ఉండటానికి గది కూడా ఉంది అని కబురు పంపారు. ఫాల్గుణం వెళ్ళేలోగా ఏ మాటో చెప్పమన్నారు. నాన్నకు డెబ్భై ఎనిమిదేళ్ళు. కబురు అందిన మర్నాడే గుడ్డసంచీ పట్టుకుని చిలకలూరిపేటలో మా ఇంటికి దిగాడు. నాకు చెప్పకుండా కొత్త పీకలు, సన్నాయి కొసన నోట్లో పెట్టుకునేవి, ఆర్డరు పెట్టి తెప్పించాడు. వాటిని ఒక్కొక్కటే నీళ్ళలో నానబెట్టి, వెలుతురుకు పెట్టి చూసుకుంటూ కూర్చునేవాడు. అంత సంతోషంగా ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

మిల్లు లేదు. షిఫ్టు లేదు. అమ్మాయి డిగ్రీ అయిపోయి బాపట్లలో ఉద్యోగంలో చేరింది. ఇరవై నాలుగేళ్ళుగా నేను చెప్పిన అడ్డంకులు ఒక్కటీ మిగల్లేదు. సన్నాయి మంచం మీదే ఉంది, సంచీలో. ఒక రోజు గొంతు బాగాలేదన్నాను. ఒక రోజు పీక ఆరిపోయిందన్నాను. ఇన్నేళ్ళ దూది ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందన్నాను. పక్కింటి పిల్లాడికి పరీక్షలన్నాను. మిరపకాయల ఘాటుకు ఊపిరి ఆడటం లేదన్నాను. ఆ నెలల్లో మా వైపు రోడ్ల పక్కనంతా కాయలు ఎండుతుంటాయి కాబట్టి ఆ సాకు బాగా నడిచింది. నాన్న రేపు చూద్దాంలే అనేవాడు. ఆ రేపు రాకూడదని నేను కోరుకునేవాణ్ణి.

రోజూ ఉదయం షిఫ్టు వేళకి నాకు తెలియకుండానే ఒళ్ళు లేచేది. మిల్లు ఎదురుగా టీ కొట్టుకు పోయి గంటసేపు కూర్చునేవాణ్ణి. అక్కడ టీ బాగుంటుందని ఇంట్లో చెప్పేవాణ్ణి. ఆ టీ మురుగునీళ్ళలా ఉంటుంది. ఒక రోజు ఇంటికొచ్చి స్నానాలగదిలో కుళాయి పెద్దగా తిప్పి ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో నాకే అర్థం కాలేదు. నాకు కావలసింది చేతికొచ్చింది కదా, మరి ఈ ఏడుపేమిటి అని నన్ను నేనే తిట్టుకున్నాను. భయం వేసింది. మతి చలిస్తోందేమో అనుకున్నాను. డాక్టరు దగ్గరికి పోదామా అని కూడా ఆలోచించాను. పోయి ఏమని చెప్పుకోవాలి, నా కోరిక తీరబోతోందండీ, ఆపడానికి మందివ్వండి అనా?

ఆ స్థితిలో మార్టూరు పెళ్ళి వచ్చింది. డోలు మా బావది, మేనత్త కొడుకు. ఇరవై ఎనిమిదేళ్ళుగా నా పక్కన కూర్చుంటున్నాడు. నాన్న కూడా వస్తానని బయల్దేరి నా వెనక శ్రుతిపెట్టె పట్టుకుని కూర్చున్నాడు. మండపం వెనక పెద్ద కల్లం. ఎకరం మేర మిరపకాయలు ఎండబోశారు. గాలి తిరిగినప్పుడల్లా ఘాటు లోపలికి కొడుతోంది, జనం కండువాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంటున్నారు.

పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ మధ్య తెర పట్టారు. జీలకర్ర బెల్లం చేతుల్లో పెట్టారు. పంతులుగారు మంత్రం చదువుతూ నా వైపు చూసి చెయ్యెత్తారు. పీక నా పెదాల మధ్యే ఉంది. పొట్ట నిండా ఊపిరి పీల్చాను. ఆ ఊపిరి అక్కడే ఆగింది. ఏదో అడ్డుపడి ఆగలేదు. నేనే ఆపాను. ఇప్పుడు ఊదితే రేపు గుడి, ఎల్లుండి గుడి, రోజూ రెండు పూటలా గుడి, చచ్చేదాకా ఇదే అని ఒక్కసారిగా కళ్ళ ముందు కనపడింది. నాకొద్దు అనిపించింది. ఇంత తేటగా నా మనసులో ఏ మాటా అంతకుముందు వినపడలేదు. ఏడో ఏట గట్టు మీద నిలబడినప్పుడు కూడా నాకు ఇది వద్దు. నాకు కావలసింది నాన్న మీసం సవరించుకోవడం. సన్నాయి కాదు.

డోలు నా ఊదు కోసం చూస్తుంది. బావ పుల్ల పైకెత్తి నా ముఖంలోకి చూస్తున్నాడు. రెండు మూడు సెకన్లు గడిచి ఉంటాయేమో. మండపమంతా నిశ్శబ్దమైంది, అందరూ మేళం కోసం ఎదురుచూస్తూ మాటలు ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో పెళ్ళికూతురి వెనక నిలబడ్డ ఆమె నానమ్మ తుమ్మింది. మిరపఘాటు. పాపం ఆవిడ చీర చెంగు నోట్లో కుక్కుకుని ఆపుకోబోయి ఇంకోసారి తుమ్మింది. ఆ మూల కూర్చున్న వీడియోవాడి దాకా వినపడింది. అప్పుడు బావ నా కోసం ఆగకుండా డోలు మీద విరుచుకుపడ్డాడు. నేను ఊదాను. ఊదీ ఏం లాభం, తెర దించేశారు.

పెళ్ళికూతురు తల తిప్పి నా వైపు చూసింది. కోపంగా కాదు. భయంగా చూసింది. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు, మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. రేపు వాళ్ళింట్లో పాలు విరిగినా, బిడ్డకు జ్వరం వచ్చినా ఆ తుమ్ము గుర్తొస్తుంది. ఆ తుమ్ము నాది. నా పుట్టెడు అబద్ధం ఆ పిల్ల నెత్తిన పడింది. దీనికి ఎవరిని క్షమాపణ అడగాలో ఇప్పటికీ నాకు తెలియదు.

తలంబ్రాలయ్యాక పెళ్ళికూతురి మేనమామ వచ్చి, "అన్నం తింటన్నారా గడ్డి తింటన్నారా? ఇందుకా మిమ్మల్ని అంత దూరం నించి పిలిపించింది?" అని అందరి ముందూ అడిగాడు. తప్పయిపోయిందండి, మర్చిపోయానండి అని చేతులు జోడించాను. పంతులుగారు మంచివారు, శాంతి మంత్రం చదువుతాలే అని ఆయన్ని పక్కకు తీసుకెళ్ళారు. బావ డోలుకు సంచీ తొడిగాడు. నాన్న శ్రుతిపెట్టెను గుడ్డలో చుట్టుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున నేను టీ కొట్టుకు బయల్దేరుతుంటే నాన్న కూడా చెప్పులేసుకున్నాడు. ఇద్దరం మిల్లు ఎదుట బల్ల మీద కూర్చున్నాం. ఆయన టీ ఒక గుక్క తాగి ముఖం చిట్లించి గ్లాసు పక్కన పెట్టాడు.

"నిన్న నువ్వు మర్చిపోలేదు" అన్నాడు.

"లేదు నాన్నా."

"మరేంది?"

"ఊదాలనిపించలేదు."

"నిన్ననా?"

అవును, నిన్న ఒక్కరోజే అని చెబితే సరిపోయేది. ఆయన నమ్మేవాడు. ఫాల్గుణం లోపల గుడికి వెళ్ళేవాణ్ణి. నా నోట్లో ఆ అబద్ధం సిద్ధంగానే ఉంది, ఇరవై నాలుగేళ్ళ అలవాటు. పెళ్ళికూతురి ముఖం గుర్తొచ్చింది.

"ఎప్పుడూ అనిపించలేదు" అన్నాను.

నాన్న రోడ్డు వైపు తిరిగాడు. లారీలు పోతున్నాయి. "మరి నీకేం కావాల్రా?" అని అడిగాడు. తిట్టినట్టు కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. నన్ను ఆ మాట అంతకుముందు ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

నేను రోడ్డవతల తాళం వేసిన గేటు చూపించాను.

ఆయనకు అర్థం కాలేదు. చెప్పడం మొదలుపెట్టాను, ఆపలేకపోయాను. లోపల అంత హోరు ఉంటుంది నాన్నా, మనిషి మాట మనిషికి వినపడదు, చేతులతోనే మాట్లాడుకుంటాం అన్నాను. నేను ఫిట్టర్ని. ఆ హోరులో నడుస్తూ పోతుంటే నూలు వడికే వందల కదుళ్ళలో ఏ ఒక్క దాని బేరింగు అరిగిందో నా చెవికి తెలిసిపోతుంది, మిగతావాళ్ళు మీటర్లు పెట్టి వెతికేలోపు నేను పోయి దాని మీద చెయ్యి పెడతాను. అది విప్పి, తుడిచి, కొత్తది వేసి తిప్పితే దాని రొద మిగతావాటిలో కలిసిపోతుంది. అప్పుడు నాకు కలిగే తృప్తి పెళ్ళిళ్ళలో ఒక్కనాడూ కలగలేదు. లోపల నేను ఎవరి కొడుకునో ఎవరికీ తెలియదు. కనుబొమల మీద దూది పేరుకుని అందరం ఒకేలా ఉంటాం. షిఫ్టు గంట కొడితే ఇంటికి పోవాలనిపించేది కాదు అన్నాను. నా బతుకులో నాకు నిజంగా ఇష్టమైన పనిని ఇరవై నాలుగేళ్ళు చేసి, అన్నాళ్ళూ దాన్ని జైలు అని తిట్టాను. తెలిసేసరికి దానికి తాళం పడింది. ఇప్పటికీ తీయలేదు. తీస్తారని ఎవరూ అనడం లేదు. ఈ వయసు ఫిట్టరును ఇంకో మిల్లు తీసుకోదు, నేను అడిగి చూశాను.

"దాన్ని అంత తిట్టావు గదరా" అన్నాడు నాన్న.

"తిట్టాను."

"నాతో ప్రతి ఏడూ వచ్చేస్తానన్నావు."

"అన్నాను నాన్నా. నేనూ నమ్మాను."

ఆయన తల వంచుకుని కండువా అంచు మడతలు పెడుతూ కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా ఒక సంగతి చెప్పాడు. అది నాకు అంతవరకూ తెలియదు. మా వీధి చివర ఇంటి అమ్మాయి ఒకతె, పన్నెండేళ్ళప్పుడు, ఏడాదిపాటు రోజూ పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చుని నేర్పమని అడిగిందట. నాన్న గొణుక్కునే స్వరాలు విని ఇంటికి పోయి తప్పులేకుండా పాడేదట. ఆమె కాక ఇంకో ఇద్దరు మగపిల్లలు కూడా అడిగారట. మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పై పై పాఠం ఎవరికైనా చెబుతారు గానీ, ఇంటి బాణీ మాత్రం తన చోట కూర్చోబోయే ఒక్కరికే ఇస్తారు. నా కొడుకు వస్తాడమ్మా, అది వాడిది అని చెప్పి నాన్న వాళ్ళందరినీ పంపేశాడట.

"ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుంది?" అని అడిగాను.

"చీరాల ఇచ్చారు. ఇద్దరు పిల్లలు" అన్నాడు. "దాని ఊపిరి చూస్తే నీకన్నా నయం."

ఇప్పుడైనా ఎవరికైనా చెప్పవచ్చు కదా నాన్నా అన్నాను. అనగానే తల కొట్టేసినట్టయింది. ఆయన నోరు కొంచెం తెరిచి వేలుతో చూపించాడు. ముందు పళ్ళు ఒక్కటి కూడా లేవు. పీక పట్టి ఊది చూపించకుండా ఇంటి బాణీ చెప్పడం కుదరదు.

"నాలుగేళ్ళ కిందట చెప్పినా బాగుండేదిరా. అప్పటికింకా పళ్ళున్నయ్యి" అన్నాడు.

నేను ఏడ్చాను, టీ కొట్టులో, పది మంది చూస్తుండగా. ఆయన నన్ను ఓదార్చలేదు, కోప్పడలేదు. నా చొక్కా జేబులోంచి ఫోను తీసి, గుడివాళ్ళ నంబరు కలిపి ఇవ్వమన్నాడు. నేనే చెబుతానన్నాను. వద్దులే అన్నాడు. కలిపి ఇచ్చాను. అవతల గుడి మేనేజరుగారు ఎత్తారు. నాన్న నిటారుగా కూర్చుని, కండువా సర్దుకుని మాట్లాడాడు.

"నమస్కారమండి. మా వాడికి కుదరటల్లేదండి. మీరు ఇంకొకళ్ళని చూసుకోండి" అన్నాడు. అవతల ఏదో అడిగారు.

"లేరండి" అన్నాడు. "మా ఇంట్లో ఇంకెవరూ లేరు."